మా గుండిగకి మూత చేసిపెట్టిన లేత్ షాపు – విజయనగరం

మా అత్తయ్యగారి ఇత్తడి గుండిగ ఇత్తడి సామానుకి పేరున్న శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేయించింది. దాని మూత ఎప్పుడో పోయింది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి చుట్టాలందరికీ పులిహోర అన్నం అందులోనే వండుతాం. ఏటా స్టీలు పళ్లెం బోర్లించి, పైన రాయి పెట్టి నెట్టుకొచ్చాం. 14 అంగుళాల మూతికి సరిపోయేది బజారులో ఎక్కడా దొరకలేదు.

గిన్నెలకి మాట్లు వేసే అతను చెబితే ఊరి చివరనున్న ఈ షాపుకి వెళ్లాను. బోర్డు కూడా లేదు. గుండ్రంగా కోసిన 20 గేజ్ మందం ఇత్తడి రేకుని చెక్క అచ్చుకి ఆనించి బిగించారు, సబ్బు రాసి లేత్ తిప్పారు. మేస్త్రి పొడుగాటి కడ్డీ పిడిని చంకలో ఇరికించుకుని, ఒళ్లంతా దాని మీద వాల్చి నొక్కుతుంటే, గొడుగు ముడుచుకున్నట్టు రేకు అచ్చు మీదికి ఒదిగిపోయింది. రెప్ప వేయకుండా చూశాను.

అయితే మొదటి మూత అంచు దగ్గర చీలింది. నొక్కేకొద్దీ ఇత్తడి గట్టిపడుతుందట. మధ్యలో విప్పి, ఎర్రబడేదాకా కాల్చి, చల్లార్చి మళ్లీ ఎక్కించాలి. పండగ ఆర్డర్ల టెన్షన్‌లో ఒకసారి కాల్చకుండా వదిలేశామని మేస్త్రే ఒప్పుకున్నాడు. "ఇత్తడిని తొందరపెడితే సీలిపోద్దమ్మా, తప్పు మాదే" అని రేకు ఖర్చు తనే వేసుకుని రెండోది చేశాడు. నాకు నాలుగు రోజులు ఆలస్యమైంది, కోపమూ వచ్చింది. కానీ చీలినదాన్ని అతికి పాలిష్ కొట్టి అంటగట్టలేదు. అది నాకు పెద్ద విషయం.

రేకు, కూలీ 1,600. కొత్త అచ్చుకి ఇంకో 600. ఆ అచ్చుని వాళ్లే దాచిపెట్టుకుంటారు, ఇదే సైజు ఇంకెవరికైనా కావాలంటే ఆ ఖర్చు పడదన్నారు. పైన పిడికి వేసిన రివెట్ మాత్రం వారానికే వదులైంది, మళ్లీ వెళ్లి బిగించుకురావాల్సి వచ్చింది. లోపల కళాయి మనమే వేరేచోట పూయించుకోవాలి.

సుత్తి దెబ్బల గుంటలు అలవాటైన అత్తయ్య, మూత లోపల సన్నటి వలయాలు చూసి మొదట ముఖం చిట్లించారు. పండగ రోజు అన్నం ఉడుకుతుంటే అంచు చుట్టూ చెయ్యి తిప్పి చూశారు. ఎక్కడా ఆవిరి తగల్లేదు. "మీ మావయ్యగారి పెద్ద చెంబుకి కూడా ఒకటి చేయించమ్మా" అన్నారు.