పసుపు కుంకుమ డబ్బు: చేతికా, చెక్కుగానా, ఖాతాలోకా? ఏది మేలు?

చౌటుప్పల్ దగ్గరి పొలంలో తన వాటా అమ్మిన మా నాన్న, అందులోంచి 18 లక్షలు నాకు పసుపు కుంకుమ కింద ఇస్తానన్నాడు. మేం ఉప్పల్‌లో అద్దెకుంటున్నాం. ఫ్లాట్ కోసం రెండేళ్లుగా తిరుగుతున్నాం. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లారి నాన్న ఫోన్ చేసి, "బ్యాంకుల తీస్కొని సంచిల వెట్టుకొని బస్సుకొస్త బిడ్డా. పైసలు చేతిల వెడ్తెనే ఇచ్చినట్టు" అన్నాడు. ఏది మేలో తేల్చుకోవాల్సిన అవసరం అక్కడ మొదలైంది.

ముందు నగదు సంగతి. నాన్న మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ దారిలో దొంగల భయం కన్నా పెద్ద భయం చట్టంలో ఉంది. 2017 ఏప్రిల్ 1 నుంచి ఒకరి దగ్గర రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడం నిషేధం. ఒకే రోజులో కలిపి చూసినా, ఒకే వ్యవహారంలో చూసినా, ఒకే సందర్భానికి సంబంధించినదిగా చూసినా అదే హద్దు. కాబట్టి వారానికి లక్షన్నర చొప్పున పన్నెండు సార్లు తెచ్చినా తప్పించుకున్నట్టు కాదు, సందర్భం ఒకటే కదా. ఇది మీరితే ఎంత తీసుకుంటే అంతా జరిమానాగా వేయొచ్చు. అది కూడా ఇచ్చిన నాన్నకు కాదు, పుచ్చుకున్న నాకు. తండ్రీకూతుళ్లని మినహాయింపేమీ లేదు. పైగా ఆ నగదు మళ్లీ నేను బ్యాంకులో వేయాల్సిందే. సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదికి పది లక్షలు, ఆపైన నగదు పడితే బ్యాంకు ఆ వివరం ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది. అప్పుడు "ఎక్కడిది?" అని అడిగితే చూపడానికి నా మాట తప్ప మరేమీ ఉండదు. సంచి ఆలోచన అక్కడితో మానిపించాను.

చెక్కు మీద నాకు కొంత మమకారమే ఉండింది, నాన్న కోరినట్టు చేతికివ్వొచ్చు కాబట్టి. రెండు గీతలు గీసి, మధ్యలో 'అకౌంట్ పేయీ' అని పెట్టి నా పేరు రాస్తే అది నా ఖాతాలోకి తప్ప ఎటూ పోదు. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు అన్న ఆనవాలూ నిలుస్తుంది. అయితే నాన్నకు డెబ్భై రెండేళ్లు, చెయ్యి వణుకుతుంది. ఖాతా తెరిచిన నాటి సంతకం వేరు, ఇప్పటి సంతకం వేరు. సంతకం కలవక చెక్కు తిరిగొస్తే ఆయన మనసు ఎంత కష్టపడుతుందో నాకు తెలుసు. పెద్ద చెక్కులకు పాజిటివ్ పే అని ఒకటుంది. చెక్కు నంబరు, తేదీ, మొత్తం, పేరు ముందే బ్యాంకుకు తెలపాలి. మంచి ఏర్పాటే, కాకపోతే ఆయనకు ఇంకో తిరుగుడు. సంతకం నిలకడగా ఉన్నవాళ్లకైతే చెక్కు ఏమాత్రం తక్కువ కాదు.

ఇక ఖాతా నుంచి ఖాతాకు. యూపీఐలో మనిషికి మనిషి పంపేది మామూలుగా రోజుకు లక్ష దాకానే, కాబట్టి దాన్ని పక్కన పెట్టాం. ఐఎంపీఎస్‌లో (ఫోన్ నుంచో నెట్ నుంచో అప్పటికప్పుడు పంపే పద్ధతి) ఒక్కసారికి ఐదు లక్షలు దాటదు. ఆర్‌టీజీఎస్ అంటే బ్యాంకుల మధ్య పెద్ద మొత్తాలు పంపే పద్ధతి, రెండు లక్షల నుంచి మొదలవుతుంది, మొత్తం ఒకే దెబ్బకు వెళ్తుంది. నాకైతే ఇదే అన్నిటికన్నా మేలు. 18 లక్షలు ఒకే వరుసలో, ఒకే తేదీతో, యూటీఆర్ నంబరుతో (ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) రెండు పాస్‌బుక్కుల్లోనూ కనబడుతుంది. ఆ వరుసకు మించిన సాక్ష్యం లేదు.

ఆ రోజు నేనే చౌటుప్పల్ వెళ్లాను. ముందు వెయ్యి రూపాయలు పంపించి, నా ఫోన్‌కు మెసేజ్ వచ్చాకే పెద్ద ఫారం తీసుకున్నాం. నాన్న నా ఖాతా నంబరులో ఒక్కో అంకె కింద బొటనవేలు ఆనించి, పైకి చదువుతూ రాశాడు. రెండో గడిలో మళ్లీ రాయాలంటే విసుక్కోకుండా మళ్లీ చదివాడు. ఇలాంటి బదిలీల్లో డబ్బు నడిచేది ఖాతా నంబరును పట్టే. పేరు రాశాం కదా అని ధీమాగా ఉండొద్దు.

ఖాతా ఎవరిది అన్నది నా దృష్టిలో దారి కన్నా ముఖ్యం. మా ఇంట్లో మూడు మాటలు వచ్చాయి: నా ఒక్కదాని ఖాతా, నాదీ మా ఆయనదీ ఉమ్మడి ఖాతా, ఫ్లాట్ లోను మా ఆయన పేరునే కాబట్టి నేరుగా ఆయన ఖాతా. పన్ను పరంగా తేడా లేదు. మామ అల్లుడికిచ్చినా చట్టం బంధువు ఇచ్చినట్టే చూస్తుంది. కానీ పసుపు కుంకుమ అంటే ఆడపిల్ల సొత్తు. ఉమ్మడి ఖాతాలో పడి జీతాలతో, కరెంటు బిల్లులతో కలిసిపోయాక నాదేదో విడదీయడం కష్టం. మా ఆయన మంచివాడు, ఆయనే "నీ ఖాతాలోకే రానీ" అన్నాడు. నా ఖాతా నుంచే ఫ్లాట్‌కు కడతాను, దస్తావేజులో నా పేరూ ఉంటుంది. ఆడపిల్లలందరికీ నేను చెప్పేది ఇదే: ముందు మీ సొంత ఖాతాలో పడనివ్వండి.

నాన్న ఇచ్చిన డబ్బుతో వచ్చే వడ్డీ నా ఆదాయమే, దాని మీద పన్ను నాదే. అదే మా అత్తమామలు నాకిచ్చి ఉంటే, ఆ డబ్బు మీద వచ్చే వడ్డీని ఇచ్చినవారి ఆదాయంలోనే కలుపుతారు. భర్త భార్యకిచ్చినా అంతే.

ఇప్పుడు చాలామంది పొరబడే సంగతి. 1998 అక్టోబరు 1 నుంచి ఇచ్చేవారి మీద గిఫ్ట్ ట్యాక్స్ లేదు, చూసేది పుచ్చుకున్నవారినే. బంధువు ఇస్తే ఎంతైనా పన్ను లేదు. బంధువులు కానివాళ్లు ఇచ్చింది ఏడాదిలో మొత్తం 50,000 దాటితే, దాటిన భాగం కాదు, మొత్తమంతా ఆదాయం కిందే లెక్క. అయితే బంధువు అంటే మన వరస కాదు, చట్టం రాసుకున్న జాబితా. పెదనాన్న ఇస్తే పన్ను లేదు, పెద్దమ్మ ఇచ్చినా లేదు. వాళ్ల కొడుకును మనం నోరారా అన్నయ్యా అంటాం, కానీ జాబితాలో ఆయన అన్న కాడు. మేనమామ మేనల్లుడికిస్తే పన్ను లేదు. మేనల్లుడు సంపాదించి ప్రేమతో మేనమామకు పది లక్షలిస్తే పది లక్షలూ మేనమామ ఆదాయమే. పెళ్లిలో ఎవరు చదివించినా మినహాయింపే, కాకపోతే అది పెళ్లికూతురికీ పెళ్లికొడుకుకీ వచ్చినదానికే. గృహప్రవేశానికీ ఓణీల ఫంక్షన్‌కీ ఆ వెసులుబాటు లేదు. అందుకే చదివింపుల పుస్తకం పారేయకండి.

మా పెదనాన్న కొడుకు కూడా నాలుగు లక్షలు సర్దుతానన్నాడు. దాన్ని కానుకగా కన్నా చేబదులుగా తీసుకోవడమే మేలనిపించింది. అప్పు ఆదాయం కాదు, పన్ను పడదు. ఇక్కడా నగదు వద్దు, అప్పు 20,000 దగ్గరి నుంచే నగదుగా పుచ్చుకోకూడదు. ఖాతాలో వేయించుకుని నోటు రాసిచ్చాను. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది కాబట్టి ఆలోపే తీర్చాలి. అప్పని రాసుకుని తీర్చే ఉద్దేశం లేకపోతే మాత్రం అది తప్పే, ఆ సలహా ఎవరిచ్చినా వినొద్దు.

అమెరికాలో అన్నదమ్ములున్నవాళ్లు నన్ను అడుగుతుంటారు. సొంత తమ్ముడు పంపితే ఇక్కడ పన్ను లేదు. 2025లో ఒకరికి 19,000 డాలర్లు దాటి ఇచ్చినవాళ్లు అక్కడ ఒక రిటర్ను వేయాలి, అది తమ్ముడి పని. 2026 జనవరి 1 నుంచి అక్కడ ఒక శాతం పన్ను పెట్టింది నగదు, మనీ ఆర్డరు లాంటి వాటితో పంపేవాటికి. బ్యాంకు ఖాతా నుంచి పంపితే అది పడదు.

ఫ్లాట్ తేలడానికి ఇంకా టైముంది కాబట్టి 18 లక్షలనూ నాలుగు బ్యాంకుల్లో నాలుగున్నర చొప్పున డిపాజిట్ చేశాను. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి ఐదు లక్షల దాకానే బీమా. ఒకేచోట ఉంచితే పని తేలిక, నిజమే. నాన్న పొలం డబ్బు కదా, నాకు మనసొప్పలేదు.

ఆఖరిది కానుక పత్రం. డబ్బుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించాం. ఇద్దరి పేర్లు, పాన్ నంబర్లు, తండ్రీకూతుళ్లమన్న మాట, మొత్తం, తేదీ, యూటీఆర్ నంబరు, పొలం అమ్మిన దస్తావేజు నంబరు, ఇద్దరు సాక్షులు. ఒక వాక్యం నేనే అడిగి పెట్టించాను: అమ్మానాన్నల తిండీ వైద్యమూ నేను చూసుకోవాలన్న షరతుతో ఇస్తున్నట్టు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం అలాంటి షరతు తప్పితే ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. "నీ మీద నాకు కాయితమెందుకే" అని నాన్న కోప్పడ్డాడు. నేను వినలేదు.

మర్నాడు అమ్మ పళ్లెంలో పసుపు, కుంకుమ, జాకెట్ గుడ్డ, తమలపాకులు పెట్టింది. నాన్న ఆ పత్రం మడిచి దాని మీద పెట్టి, 1,116 రూపాయలు ఉంచి, రెండు చేతులా నా చేతుల్లో పెట్టాడు. అసలు పత్రం ఇప్పుడు నా బీరువాలో ఉంది, నకలు ఆయన పాస్‌బుక్కులో మడిచి ఉంది.