నార్వే పూర్వీకులను వెతకడానికి డిజిటలార్కివెట్: ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ దారి తప్పిస్తుంది

నార్వే జాతీయ ఆర్కైవ్స్ 1998 నుంచి నడుపుతున్న డిజిటలార్కివెట్ సైటులో చర్చి పుస్తకాల స్కాన్లు, పాత జనాభా లెక్కలు, వలసపోయినవాళ్ళ పోలీసు రిజిస్టర్లు అన్నీ ఉచితం. లాగిన్ అక్కర్లేదు, కార్డు నంబరు అడగదు. ఓస్లోలో కూర్చున్నవాళ్ళకు కనిపించే పేజీలే హన్మకొండలో కూర్చున్నవాళ్ళకూ కనిపిస్తాయి. ఇంగ్లిష్‌లో చూసుకునే వీలుంది. ఇంత చేసినా చాలామంది మొదటి గంటలోనే విసిగిపోయి మూసేస్తారు. లోపం సైటుది కాదు, వెతుకులాట నార్వే నుంచి మొదలుపెట్టడంలోనే ఉంది.

మన వరంగల్ వైపు దీని అవసరం రెండు రకాలవాళ్ళకు పడుతుంది. పిల్లలు మిన్నెసోటాలోనో విస్కాన్సిన్‌లోనో స్థిరపడి, నార్వే మూలాలున్న ఇంటితో సంబంధం కలిసి, మనవళ్ళకు రెండు వైపుల వంశవృక్షమూ రాసిపెట్టాలనుకునే తాతలూ అమ్మమ్మలూ మొదటివాళ్ళు. ఇంటి నుంచే రికార్డులు వెతికిపెట్టే పని ఒప్పుకునేవాళ్ళు రెండోరకం. ఇద్దరికీ మొదట తెలియాల్సింది ఒకటే. వెతుకుతున్న మనిషి ఏ పారిష్‌లో, అంటే ఏ చర్చి పరిధిలో, పుట్టాడో తేలాకే ఈ సైటు తెరవాలి. ఆ పారిష్ పేరు దొరికేది అమెరికా కాగితాల్లో.

1825 జులైలో నార్వేలోని స్టవాంగెర్ రేవు నుంచి రెస్టౌరేషన్ అనే చిన్న తెరచాప ఓడ 52 మందితో బయల్దేరింది. దారిలో ఒక బిడ్డ పుట్టడంతో అక్టోబర్ 9న న్యూయార్క్‌లో దిగింది 53 మంది. ఆ తర్వాత వందేళ్ళలో 8 లక్షల మందికి పైగా నార్వే వాళ్ళు అమెరికా దారి పట్టారు. అంతమందిలో ఉత్త పేరుతో ఒక మనిషిని పట్టుకోవడం కుదరదు.

అందుకని ముందు అమెరికా జనాభా లెక్కలు చూడాలి. 1900, 1910, 1920, 1930 లెక్కల్లో వలస వచ్చిన ఏడాది రాసి ఉంటుంది. 1890 లెక్కలు 1921లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల దాదాపు మొత్తం పోయాయి, వాటికోసం టైం పాడుచేసుకోవద్దు. పౌరసత్వ కాగితాలైతే 1906 సెప్టెంబర్‌కు ముందువి ఎక్కువగా 'నార్వే' అని మాత్రమే చెప్తాయి. ఆ తర్వాతివాటిలో పుట్టిన తేదీ, ఊరు దొరుకుతాయి. అన్నిటికన్నా నమ్మదగ్గవి అమెరికాలోని నార్వేజియన్ లూథరన్ చర్చిల పుస్తకాలు. సభ్యుల పట్టికలో నార్వే పారిష్ పేరు రాసే పాస్టర్లు చాలామంది ఉండేవాళ్ళు. సమాధి రాయి, పత్రికలో వచ్చిన మరణవార్త కూడా చూడాలి. వీటిలో ఫ్యామిలీసెర్చ్ సైటులో ఉచితంగా దొరికేవి చాలానే. ఖాతా మాత్రం తెరవాలి.

ఇక పేర్లు. మనవాళ్ళు అందరికన్నా ఎక్కువ తడబడేది ఇక్కడే, ఎందుకంటే చివరి పేరు చూడగానే ఇంటిపేరు అనుకుంటారు. 19వ శతాబ్దపు నార్వే పల్లెల్లో అది తండ్రి పేరు. హాన్స్ కొడుకు ఓలె అయితే ఓలె హాన్సెన్, కూతురు మారిత్ అయితే మారిత్ హాన్స్‌డాటర్. ఓలె కొడుకు మళ్ళీ ఓల్సెన్. పెళ్ళయినా ఆడవాళ్ళ పేరు మారదు. మూడో పేరుగా కనిపించేది వాళ్ళున్న కమతం పేరు. ఇంకో కమతానికి మారితే ఆ పేరూ మారిపోతుంది. ప్రతి కుటుంబానికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలని చట్టం వచ్చింది 1923లో. అమెరికా చేరాక కొందరు తండ్రి పేరునే ఇంటిపేరు చేసుకున్నారు, కొందరు కమతం పేరు పెట్టుకున్నారు. ఒకే తల్లి పిల్లల్లో అన్న ఇంటిపేరు ఒకటి, తమ్ముడిది ఇంకొకటి కావడం మామూలే. 1888లో నార్వేలోని వోస్‌లో పుట్టిన అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ నూట్ రాక్నీ ఇంటిపేరు రోక్నె కమతం నుంచి వచ్చింది. అమెరికా ఉపాధ్యక్షుడిగా చేసిన వాల్టర్ మాండేల్ ఇంటిపేరు సోగ్న్ ప్రాంతంలోని ముండాల్ నుంచి వచ్చింది. కాబట్టి అమెరికా ఇంటిపేరు విచిత్రంగా ఉంటే సంతోషించండి, అది కమతం పేరు అయ్యే అవకాశం ఎక్కువ. ఓల్సన్, హాన్సన్ లాంటిదైతే మాత్రం కష్టం పెరుగుతుంది.

పారిష్ తేలాక సైటులో వ్యక్తుల వెతుకుడు పేజీకి వెళ్ళి, ముందు నార్వే 1865 జనాభా లెక్కలు పెట్టండి. పుట్టిన ఊరు ఏ పారిష్‌దో రాయడం ఆ లెక్కలతోనే మొదలైంది. చివరి పేరు గడి ఖాళీగా వదిలేయండి. మొదటి పేరులో కచ్చితమైన అక్షరాల వరకు కొట్టి నక్షత్రం గుర్తు (మిగతా అక్షరాలు ఏవైనా సరే అని) పెట్టండి. క్రిస్టియన్ పేరును 'సి'తోనూ 'కె'తోనూ రాసేవాళ్ళు కాబట్టి రెండు విధాలా చూడాలి. 'ఏ' మీద చిన్న సున్నా ఉన్న అక్షరాన్ని పాతకాలంలో రెండు 'ఏ'లుగా రాసేవాళ్ళు. పుట్టిన ఏడాదికి అటూ ఇటూ రెండేళ్ళు వదలండి. 1865 లెక్కల్లో వయసును నడుస్తున్న ఏడాదితో కలిపి రాశారు, 30 అని ఉంటే నిండినవి 29 అన్నమాట. 1875లో, 1900లో పుట్టిన సంవత్సరం ఉంటుంది, 1910లో పూర్తి తేదీ. 1910 లెక్కలకు ఇంకో విలువ ఉంది. అమెరికా వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళను, ఎప్పుడు పోయారు, ఎప్పుడు వచ్చారు, అక్కడ చివరగా ఎక్కడున్నారు అని అడిగి రాశారు. అన్న అమెరికాలో ఉండిపోయి తమ్ముడు తిరిగొచ్చిన కుటుంబాల్లో ఈ ఒక్క వరుస అమెరికా ఊరి పేరు అందించేస్తుంది. ప్రస్తుతం తెరిచి ఉన్న చివరి లెక్కలు 1920వి. నూరేళ్ళ గోప్యత నియమం వల్ల 1930వి 2030 డిసెంబర్‌లో వస్తాయి.

లెక్కల్లో మనిషి దొరికాడని అక్కడే ఆగిపోతే సగం పనే అయినట్టు. టైపు చేసిన పట్టికలో తప్పులుంటాయి, చర్చి పుస్తకం స్కాన్ చూసి తీరాలి. ఒక్కో పారిష్‌కు పాస్టర్ పుస్తకం ఒకటి, చర్చి గుమాస్తా రాసిన రెండో ప్రతి ఒకటి ఉంటాయి. ఒకదాంట్లో సిరా అలుక్కుపోతే రెండోది తెరవండి. బాప్తిస్మం పేజీలో వరస సంఖ్య, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, కమతం, చివర సాక్షుల పేర్లు వస్తాయి. చాలామంది సాక్షుల గడి చదవకుండా దాటేస్తారు. ఆ సాక్షులు ఎక్కువగా మేనత్తలు, మేనమామలు, చిన్నాన్నలే. ఒకే ఊళ్ళో ఒకే పేరున్న ఇద్దరు ఓలె హాన్సెన్‌లను విడదీయడానికి అంతకన్నా మంచి ఆధారం దొరకదు. బిడ్డ చనిపోతే తర్వాతి బిడ్డకు అదే పేరు పెట్టేవాళ్ళు కాబట్టి ఖననాల పేజీ కూడా చూసి, దొరికిన బిడ్డ బతికి పెద్దయినట్టు కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక చర్చిలో విశ్వాసాన్ని ధ్రువపరిచే ఆచారం) పట్టికలో రూఢి చేసుకోవాలి. అమెరికా సమాధి మీది తేదీ కొద్ది రోజులు తేడా వస్తే కంగారుపడొద్దు, చాలాసార్లు అది బాప్తిస్మం తేదీ అవుతుంది.

చేతిరాత గోతిక్. భాష రాకపోయినా చదవొచ్చు, ఎందుకంటే పేజీలో ఉండేవి పేర్లు, తేదీలు, ఓ ఇరవై మాటలు. అదే పాస్టర్ రాసిన నెలల పేర్లు, 1865 లెక్కల్లో తెలిసిన కమతాల పేర్లు పక్కన పెట్టుకుని అతని అక్షరమాలను కాగితం మీద రాసుకోండి. 'యు' మీద చిన్న వంపు గీత ఉంటుంది, 'ఎన్' మీద ఉండదు. ఇంకో ఉచ్చు నెలల పొడి రాత. '7బర్' అంటే జులై కాదు, సెప్టెంబర్. '8బర్' అక్టోబర్, '9బర్' నవంబర్, '10బర్' డిసెంబర్. ఈ ఒక్క పొరపాటుతో తప్పు మనిషిని వంశవృక్షంలోకి ఎక్కించినవాళ్ళు ఎందరో.

ఫోన్‌లో ఈ పని కాదు, ల్యాప్‌టాప్ కావాలి. కష్టమైన పేజీని బొమ్మగా దింపుకుని జిరాక్స్ షాపులో ఏ3 సైజులో కలర్ ప్రింటు తీయించండి. నలుపు తెలుపులో తీస్తే వెనక పేజీ సిరా ముందుకొచ్చి అక్షరాలు కలిసిపోతాయి. ప్రతి పేజీకీ శాశ్వత లింకు ఇస్తారు, అది రాసిపెట్టుకోకపోతే అదే పేజీని మళ్ళీ వెతకడానికి పూట పడుతుంది.

స్థలాల పేర్ల విషయంలో సైటు కొత్తవాళ్ళను తికమక పెడుతుంది. 2016లో పాత వరంగల్ జిల్లా విడిపోయాక పాత కాగితాల్లోని మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకోవాల్సొచ్చినట్టే అక్కడా. సోండ్రె బెర్గెన్‌హూస్ అనే జిల్లా 1919లో హోర్డాలాన్ అయింది, 2020లో వెస్ట్‌లాన్‌లో కలిసింది. ఓస్లో పేరు 1925 దాకా క్రిస్టియానియా. పైగా ఒక పెద్ద పారిష్ కింద చాలా చిన్న చర్చిలు ఉంటాయి. చిన్న చర్చి పేరుతో పుస్తకం దొరక్కపోతే పెద్ద పారిష్ పేరుతో వెతకండి.

వలస రిజిస్టర్లు ట్రాండ్‌హైమ్‌లో 1867 నుంచి, బెర్గెన్‌లో 1874 నుంచి ఉన్నాయి. పేరు, వయసు, ఊరు, వెళ్ళే చోటు, బయల్దేరిన తేదీ దొరుకుతాయి. వాటిలో కనిపించే ఓడ చాలాసార్లు ఇంగ్లండ్‌లోని హల్ రేవు దాకా వెళ్ళేది మాత్రమే. అక్కడి నుంచి రైల్లో లివర్‌పూల్, మళ్ళీ ఇంకో ఓడ. కాబట్టి అమెరికా రాక పట్టికలో అదే ఓడ పేరు వెతికితే దొరకదు. 1850ల, 60లవాళ్ళయితే న్యూయార్క్‌లో కాకుండా ఎక్కువమంది కెనడాలోని క్విబెక్‌లో దిగి లోపలికి వెళ్ళారు. వీళ్ళకు చర్చి పుస్తకంలోని 'ఊరు విడిచినవాళ్ళ పట్టిక' ఆధారం. వెళ్ళే చోటు గడిలో ఉత్త 'అమెరికా' అనే ఉంటుంది. పాస్టర్ దగ్గర సర్టిఫికెట్ తీసుకోకుండా వెళ్ళినవాళ్ళు అందులో ఉండరు, పేరు కనిపించకపోతే వలస పోలేదని తేల్చేయొద్దు.

ఈ సైటులో లేనిది కమతాల చరిత్ర పుస్తకాలు, బిగ్డెబోక్ అంటారు. ఒక్కో కమతంలో తరతరాలుగా ఎవరున్నారో, పిల్లల్లో ఎవరు అమెరికా పోయారో వాటిలో ఉంటుంది. నార్వే జాతీయ గ్రంథాలయం సైటులో చాలా పుస్తకాలు స్కాన్ చేసి పెట్టారు గానీ, వాటిలో కొన్ని నార్వే ఇంటర్నెట్ మీదే తెరుచుకుంటాయి. అమెరికాలో పిల్లలుంటే యూనివర్సిటీ ఆఫ్ నార్త్ డకోటా గ్రంథాలయంలో పెద్ద సేకరణ ఉంది, మాడిసన్‌లోని నార్వేజియన్ అమెరికన్ జీనియాలజికల్ సెంటర్‌లోనూ ఉన్నాయి. భూమి ఉన్న రైతు కుటుంబాల గురించే ఈ పుస్తకాలు ఎక్కువ రాస్తాయి. వలసపోయినవాళ్ళలో చాలామంది కౌలు కూలీల ఇళ్ళవాళ్ళు కాబట్టి మీరు వెతికే పేరు వాటిలో లేకపోవచ్చు.

కిందికి, అంటే వారసుల వైపు దిగేటప్పుడు అమెరికాలో తెరిచి ఉన్న చివరి లెక్కలు 1950వి. ఆ తర్వాత మరణవార్తలే దిక్కు. వాటిలో బతికున్న పిల్లల పేర్లు, ఊళ్ళు ఉంటాయి. బతికున్నవాళ్ళ వివరాలు వాళ్ళను అడగకుండా వంశవృక్షంలో బహిరంగంగా పెట్టొద్దు.

చందా సైట్ల అవసరం ఎంత అంటే, మా లెక్కన ఒక్క నెల చాలు. ముందు ఉచితంగా దొరికేవన్నీ చూసి, మిగిలిన పేర్ల జాబితా రాసుకుని, అప్పుడు కట్టండి. చెల్లింపు డాలర్లలో కాబట్టి కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి, ఆటో రెన్యూవల్ అదే రోజు ఆపేయాలి. పని ఒప్పుకునేవాళ్ళు మాత్రం పారిష్ తేలేదాకా ఒక ధర, తేలాక ఇంకో ధర అని ముందే విడివిడిగా మాట్లాడుకోండి. ఎక్కువ గంటలు పట్టేది మొదటి భాగానికే.