సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ పికప్ కొంటున్నారా? ముందుగా వెనక యాక్సిల్ సంగతి చూడండి

వైజాగ్‌లో పాత పికప్ కోసం తిరుగుతున్నవాళ్లకి, ముఖ్యంగా వెనక ట్రాలీ తగిలించి లాగే పని ఉన్నవాళ్లకి ఒక మాట. క్రౌన్ పినియన్ అంటే యాక్సిల్లో ఉండే పళ్ల చక్రాల జత; చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ వైపు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో దాని రేషియో చెబుతుంది. ఆ రేషియో ఎంతో తేల్చుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి. నేను ఇచ్చేశాను.

మాది టెంట్ హౌస్, జనరేటర్ల వ్యాపారం. పెళ్లిళ్లకీ షూటింగులకీ అరకు దాకా జనరేటర్ తీసుకెళ్లాలి. కాటా వేయిస్తే ట్రాలీతో కలిపి 1,400 కిలోలు తూగింది. గాజువాక వైపు ఒక డీలర్ దగ్గర ఫోర్ బై ఫోర్ బండి దొరికింది. "వెనక క్రౌన్ సెట్టు మార్పించాం సార్, మైలేజీ చూసి మీరే ఫోన్ చేస్తారు" అన్నాడు. అనకాపల్లి దాకా ఖాళీ బండి తోలి చూశాను. 80లో కూడా ఇంజన్ నిద్రపోతున్నట్టుంది. మురిసిపోయాను.

ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కాక తెలిసింది. సెకండ్‌లో లాగలేదు, ఫస్ట్‌లో వేస్తే అరుపు తప్ప నడక లేదు. క్లచ్ వాసన, టెంపరేచర్ ముల్లు పైకి. ఒక మలుపు దగ్గర వాన బురద ఉంటే ఫోర్ వీల్ వేశాను. బురద దాటి తారు మీదకి రాగానే బండి బిగుసుకుంది. లివర్ వెనక్కి రాలేదు. ఇంకో వంద గజాలు పోయేసరికి కింద ఫట్‌మని చప్పుడు. ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పోయింది. లారీవాళ్ల తిట్లు తింటూ ఆ రాత్రి అక్కడే.

కంచరపాలెంలో మా మేస్త్రి విప్పి చూసి, "ఇదేటి బాబూ, ముందొకటీ వెనకొకటీనా!" అన్నాడు. ముందు యాక్సిల్లో క్రౌన్‌కి 41 పళ్లు, పినియన్‌కి 10. అంటే 4.10. వెనక 41కి 11, అంటే 3.73. చక్రం ఒక చుట్టు తిరగాలంటే ముందు షాఫ్టు 4.10 సార్లు, వెనక షాఫ్టు 3.73 సార్లు తిరగాలి. ఫోర్ వీల్ వేస్తే రెండు షాఫ్టులూ ఒకటే వేగంతో తిరగాలి. ఆ తేడా టైర్లు జారితేనే తీరుతుంది. బురదలో జారతాయి, తారు మీద జారవు. అప్పుడు విరిగేది లోపలి సామానే. (రేషియోలు సరిపోయిన బండి కూడా పొడి తారు మీద మలుపుల్లో కొంచెం బిగుస్తుంది. తిన్నటి రోడ్డు మీద బిగుసుకుంటే మాత్రం అనుమానించాల్సిందే.)

చాలామంది పొరబడేది ఇక్కడే. అంకె పెద్దదైతే లాగే బలం ఎక్కువ, పరుగు తక్కువ. 3.73 ఖాళీగా హైవే మీద తిరిగేవాడికి హాయి. లోడుతో ఘాట్ ఎక్కేవాడికి కాదు. దిగేటప్పుడు ఇంకా భయం, ఇంజన్ బ్రేకింగ్ తగ్గి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. టైరు సైజు పెంచినా ఇదే దెబ్బ: 28 అంగుళాల టైరు తీసి 31 వేస్తే 4.10 కాస్తా 3.70 లాగా పనిచేస్తుంది. అలాగని పెద్ద రేషియో వేయిస్తే కంపెనీ చెప్పిన టోయింగ్ బరువు పెరగదు. ఛాసిస్, బ్రేకులు అవే కదా.

చూసుకోవడం కష్టం కాదు. ముందు చక్రాలకి గట్టి అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలి, వెనక ఒక చక్రం జాకీ మీద లేపండి. ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దతో గీత గీసి చక్రాన్ని 20 చుట్లు తిప్పండి. రెండో చక్రం నేల మీదే ఉంది కాబట్టి క్రౌన్ తిరిగేది 10 చుట్లే. షాఫ్టు 41 సార్లు తిరిగితే 4.10, 37 దాటి ఆగితే 3.73. లిమిటెడ్ స్లిప్ (రెండు చక్రాలని వేర్వేరు వేగాలతో సులువుగా తిరగనివ్వని ఏర్పాటు) ఉన్న బండైతే రెండు చక్రాలూ లేపి 10 చుట్లు చాలు. ముందు కూడా హబ్‌లు (చక్రాలని యాక్సిల్‌తో కలిపేవి) లాక్ చేసి ఇలాగే లెక్కపెట్టించండి. డీలర్ ఒప్పుకోకపోతే వచ్చేయండి. ఇంకో గుర్తు: ఫోన్లో జీపీఎస్ పెట్టి తోలండి. మీటర్లు మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తాయి. తక్కువ చూపిస్తే రేషియోనో టైరో మారిందని అనుమానించాలి. నాది 60 అంటుంటే జీపీఎస్ 66 అంది. ఇది ముందే చూసుకోవాల్సింది, చూసుకోలేదు.

4.10 సెట్టు మళ్లీ వేయించాను. క్రౌన్, పినియన్ జతగానే కొనాలి, విడివిడిగా కలిపితే కూత పెడతాయి. కొత్త సెట్టుకి మొదటి కొన్ని వందల కిలోమీటర్లు లోడు పెట్టొద్దన్నాడు మేస్త్రి. ట్రాలీ మీద జనరేటర్‌ని కూడా ముందుకి జరిపించాం, హుక్ మీద 150 కిలోలు పడేలా. అంతకుముందు 60 కూడా లేదు, అందుకే తోక ఊగేది.

ట్రాన్స్‌ఫర్ కేసుతో కలిపి 92,000 అయింది. డీలర్ రూపాయి ఇవ్వలేదు, "ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను" అని కాగితం మీద నా సంతకం చూపించాడు. నిన్న అతని కుర్రాడు ఫోన్ చేశాడు. తీసేసిన ఆ 41కి 11 సెట్టు అమ్ముతారా సార్, ఇంకో బండికి కావాలి అన్నాడు.