మేడే అనాలా, పాన్ పాన్ అనాలా?

పైలట్ శిక్షణలో ఉన్నవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. విమానం నుంచి రేడియోలో ప్రాణాపాయానికి ‘మేడే’ అని, అంత ముంచుకురాని అత్యవసరానికి ‘పాన్ పాన్’ అని పిలుస్తారు. పరిస్థితి చేయి దాటిందో లేదో తేలనప్పుడు ‘పాన్ పాన్’ అనాలా, ‘మేడే’ అనాలా? ఈ రెండూ లేకుండా ఉన్న కష్టం మామూలు మాటల్లో చెబితే నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్‌కు అర్థం కాదా?

అర్థం కాకపోవచ్చు. 1990 జనవరి 25 రాత్రి కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా 52 విమానం మూడు విడతలుగా 77 నిమిషాలు గాలిలోనే చక్కర్లు కొట్టింది. కో పైలట్ ‘ప్రయారిటీ’ కావాలన్నాడు. తీరా దిగబోయి, దిగలేక మళ్లీ పైకి లేచాక, ఎమర్జెన్సీ అని చెప్పమన్నాడు కెప్టెన్, స్పానిష్‌లో. కో పైలట్ మాత్రం కంట్రోలర్ ఇచ్చిన 180 డిగ్రీల దిశను తిరిగి చెప్పి, మరోసారి ప్రయత్నిస్తామన్నాడు. ఇంధనం అయిపోతోందన్న మాట ఆ వాక్యం తోకకు తగిలించాడు. ఆలస్యమైన ప్రతి విమానంలోనూ ఇంధనం తగ్గుతుంది కదా! ఆ మాటతో అది ఎమర్జెన్సీ అని కంట్రోలర్‌కు తెలియలేదు. సుమారు పది నిమిషాలకు విమానం లాంగ్ ఐలాండ్‌లో కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. ట్యాంకులు ఖాళీ కావడంతో మంటలు కూడా లేవలేదు.

అందుకే నేను చూసేది ఒక్కటే: వినేవాడు ఊహించుకోవలసింది ఎంత మిగిలింది? మూడుసార్లు ‘మేడే’ అంటే ఏమీ మిగలదు. ప్రాణాపాయం ముంచుకొచ్చింది, దారి ఇవ్వాలి, అంతే. ‘పాన్ పాన్’ కూడా మంచి మాటే. ప్రయాణికుడి ఆరోగ్యం క్షీణించినప్పుడు, ఆపద ఇంకా మీద పడనప్పుడు అదే సరైనది. కానీ రెంటి మధ్య సందేహం వస్తే మేడే అనండి. పరిస్థితి కుదుటపడితే దాన్ని రద్దు చేసుకోవచ్చు. ఆలస్యంగా అన్న మేడేకు పోయిన నిమిషాలు తిరిగి రావు.

ఇంధనం విషయంలో, ఇక ఆలస్యం తట్టుకోలేమని చెప్పే ‘మినిమమ్ ఫ్యూయల్’ ముందస్తు హెచ్చరిక మాత్రమే, దానితో ప్రాధాన్యం రాదు. దిగేసరికి తప్పనిసరి నిల్వ కూడా మిగలదని తేలితే ‘మేడే ఫ్యూయల్’ అనాలి. విమానాన్ని రాడార్ తెరపై గుర్తుపట్టించే ట్రాన్స్‌పాండర్‌లో ఎమర్జెన్సీ కోడ్ 7700 పెట్టడం మాటకు తోడు.

మేడే తర్వాత ఏం చెప్పాలో 2009 జనవరి 15న, న్యూయార్క్‌లో విమానాన్ని హడ్సన్ నదిలో దించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ చూపించాడు: పక్షులు తగిలాయి, రెండు ఇంజిన్లలోనూ శక్తి పోయింది, లాగార్డియా విమానాశ్రయానికి తిరిగి వస్తున్నాం. ఏం జరిగింది, ఏం పోయింది, ఏం చేస్తున్నాం. ఇంధనం ఇంకా ఎన్ని నిమిషాలకు సరిపోతుంది, విమానంలో ఎంతమంది ఉన్నారు అన్నవి వీలు దొరికాక చెప్పవచ్చు.