ఎనిమిది వారాల సర్క్యూట్ శిక్షణ: కాళ్లకు బలం వచ్చింది, వేగానికి విరామం చాలలేదు

ఫుట్‌బాల్ ఆడే పిల్లల పరుగు వేగం పెంచడానికే రూపొందించామని చెప్పిన ఎనిమిది వారాల సర్క్యూట్ శిక్షణలో పదమూడేళ్ల మా అబ్బాయిని చేర్పించి, వారానికి రెండు చొప్పున జరిగిన తరగతులన్నిటినీ మైదానం అంచున కూర్చొని చూశాను.

తరగతికి ఎనిమిది స్టేషన్లు, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా వ్యాయామం చేసే చోట్లు, ఉండేవి. స్క్వాట్లు, లంజ్‌లు, ప్లాంక్, ఒంటికాలి గెంతులు, కోన్ల మధ్య మలుపులు వంటివన్నీ అయ్యాక చివర 20 మీటర్ల స్ప్రింట్లు వచ్చేవి. ఒక్కో స్టేషన్‌లో 30 సెకన్ల పని, ఆపై 15 సెకన్ల విరామం. 1953లో లీడ్స్ విశ్వవిద్యాలయంలో మోర్గాన్, ఆండర్సన్ ఈ పద్ధతిని రూపొందించింది మొత్తం శరీర దారుఢ్యం కోసం, ఆ ప్రయోజనం ఇక్కడ చక్కగా నెరవేరింది. మొదట్లో గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలిపోయే పిల్లలకు, చప్పుడు కాకుండా, మోకాలు పాదానికి సూటిగా ఉండేలా దిగడాన్ని కోచ్ ఒక్కొక్కరి దగ్గరా ఆగి ఎంతో ఓపికగా నేర్పారు. ఈ శిక్షణలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

నా అభ్యంతరమల్లా వేగం గురించే. పూర్తి వేగంతో పరుగెత్తే తొలి క్షణాల్లో కండరం ప్రధానంగా తనలోని ఫాస్ఫోక్రియాటిన్ (తక్షణ శక్తికి తోడ్పడే పదార్థం) నిల్వను వాడుకుంటుంది, అది మళ్లీ దాదాపుగా నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు కావాలి. ఏడు స్టేషన్లలో అలసి, 15 సెకన్లు మాత్రమే ఆగి వచ్చిన పిల్లలు అంగ కురచై, భుజాలు బిగుసుకుపోయి పరుగెత్తేవారు. దానివల్ల ఓపిక పెరుగుతుంది, ఆటకు అదీ అవసరమే. కానీ దాన్ని వేగ శిక్షణ అనడం సరికాదు.

ఆరో వారంలో ఈ మాట చెబితే కోచ్ శ్రద్ధగా విన్నారు. చివరి రెండు వారాలు వార్మప్ కాగానే, ఒక్కో పరుగుకు మధ్య రెండు నిమిషాలు ఆపుతూ నాలుగు స్ప్రింట్లు పెట్టి, ఆ తర్వాతే సర్క్యూట్ చేయించారు. తాజా కాళ్లతో పరుగెత్తే పిల్లల తీరే వేరని అక్కడున్న తల్లిదండ్రులందరం గమనించాం.

సమయం కొలిచిన పద్ధతి మాత్రం నిరాశపరిచింది. మొదటి రోజు తడి గడ్డి మీద, చివరి రోజు గట్టి నేల మీద, రెండుసార్లూ చేతి స్టాప్‌వాచ్‌తో కొలిచి, ఆ తేడా అంతా శిక్షణ ఫలితమేనన్నారు. పైగా ఎత్తు చకచకా పెరిగే ఈ వయసులో ఎదుగుదల వల్లనే కొంత వేగం వస్తుంది కాబట్టి ఆ అంకెలను నేను లెక్కలోకి తీసుకోలేదు.

మా అబ్బాయిని తర్వాతి విడతకూ పంపుతున్నాను, స్ప్రింట్లు తరగతి మొదట్లోనే ఉంటాయని కోచ్ మాట ఇచ్చాకే. మీరూ చేర్పించే ముందు స్ప్రింట్లు ఎప్పుడు చేయిస్తారో, మధ్యలో ఎంతసేపు ఆపుతారో తప్పక అడగండి.