నాంపల్లిలోని ఒక న్యాయవాది కార్యాలయం: పరువు నష్టం నోటీసు సేవ ఎలా ఉంది?

చిట్టీ డబ్బు నేను కాజేశానని ఒకప్పటి స్నేహితురాలు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రచారం చేయడంతో, నాంపల్లి కోర్టుల సమీపంలోని ఈ న్యాయవాదిని సంప్రదించాను. పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయరని, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ముందే ఫిర్యాదు దాఖలు చేయాలని, నష్టపరిహారం దావాకు గడువు ఏడాదేనని ఆయన ఓపికగా విడమరచి చెప్పారు. స్క్రీన్‌షాట్లు ఉన్నాయి కదా అని ఫోన్‌లోని అసలు సందేశాలను చెరిపేయవద్దని, కోర్టుకు వెళితే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయవలసిన, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింది ధ్రువపత్రం కావాలని హెచ్చరించారు. "కోపం మనసులో ఉంచుకోండమ్మా, కాగితం మీద వద్దు" అంటూ విశేషణాలన్నీ కొట్టేసి, ఆరోపణ, తేదీ, చిట్టీ రసీదులతోనే నోటీసు తయారుచేశారు. నోటీసు అందాక ఆ స్నేహితురాలు గ్రూపులోని సందేశాలు తొలగించింది. క్షమాపణ మాత్రం రాలేదు. గుమాస్తా ఒక పట్టాన ఫోన్ ఎత్తడు, ఫీజు రసీదు అడిగితే గానీ ఇవ్వడు. అయినా కేసు వేయవలసి వస్తే ఈ కార్యాలయానికే వెళ్తాను.