ఇండోల్ రింగు మూయడానికి పల్లాడియం మేలా, కాపర్ మేలా?

బెంజీన్ రింగుకు నైట్రోజన్ ఉన్న ఐదు పరమాణువుల రింగు అతుక్కుంటే అది ఇండోల్. ట్రిప్టోఫాన్‌లో, సెరటోనిన్‌లో, ఎన్నో మందుల్లో ఉండేది ఇదే. ఆమ్లంలో వేడి చేసి ఇండోల్ తయారుచేసే 1883 నాటి ఫిషర్ పద్ధతి ఇప్పటికీ బాగానే పనికొస్తుంది. కానీ వేడి ఆమ్లాన్ని తట్టుకోలేని గ్రూపులు అణువులో ఉంటే లోహ ఉత్ప్రేరకాల వైపు చూడాల్సిందే.

అక్కడ చాలామంది ధర చూసి కాపర్ అంటారు. నేనైతే ముందు చేతిలో ఏ ఆల్కైన్ (రెండు కార్బన్ల మధ్య మూడు బంధాలున్న అణువు) ఉందో చూడమంటాను.

ఆల్కైన్‌కు రెండు వైపులా గ్రూపులుంటే పల్లాడియమే. 1991లో రసాయన శాస్త్రవేత్త లారాక్ చూపిన దారి ఇది: ఆర్థో-అయోడోఅనిలీన్ (బెంజీన్ రింగుపై అమైన్ గ్రూపు పక్కనే అయోడిన్ ఉన్నది), ఆల్కైన్, బేస్, కాస్త పల్లాడియం అసిటేట్ డీఎంఎఫ్ అనే ద్రావణిలో 100 డిగ్రీల దగ్గర వేడి చేస్తే ఒకే ఫ్లాస్కులో రింగు తయారవుతుంది. పెద్ద గ్రూపు నైట్రోజన్ పక్కనున్న 2వ స్థానానికి, చిన్నది 3వ స్థానానికి వెళ్తాయి. ఆల్కైన్‌కు ఒకవైపు సిలైల్ (సిలికాన్ ఉన్న) గ్రూపు తగిలిస్తే అది 2లో కూర్చుంటుంది. తర్వాత దాన్ని ఊడగొడితే 3లో మాత్రమే గ్రూపున్న ఇండోల్ మిగులుతుంది. ట్రిప్టోఫాన్ తరహా అణువులకు నాకు బాగా నచ్చిన దారి ఇది. రెండు గ్రూపులూ ఇంచుమించు ఒకే సైజులో ఉంటే మాత్రం రెండు ఐసోమర్లూ (గ్రూపులు తారుమారైన రూపాలు) కలిసొస్తాయి, వాటిని వేరుచేసే కాలమ్ దగ్గర తంటాలు తప్పవు.

టెర్మినల్ ఆల్కైన్ (ఒక చివర గ్రూపు బదులు హైడ్రోజనే ఉన్నది) అయితే నా ఓటు కాపర్‌కే. 1960ల్లోనే కాస్ట్రో అనే రసాయన శాస్త్రవేత్త కాపర్ అసిటిలైడ్లతో (ఆల్కైన్ చివర హైడ్రోజన్ బదులు కాపర్ ఉన్నవి) 2లో గ్రూపున్న ఇండోల్స్ చేశాడు. ఇప్పుడు సాధారణంగా సోనోగాషిరా కప్లింగ్ (ఆల్కైన్‌ను బెంజీన్ రింగుకు అతికించే చర్య) చేసి, ఆపైన కాపర్ అయోడైడ్‌తో రింగు మూస్తారు. సోనోగాషిరాలోనూ పల్లాడియం ఉంటుంది, నిజమే. కాకపోతే అది ఒక మెట్టు ముందే అయిపోతుంది. చివరి మెట్టులో ఏ లోహం ఉందన్నది మందుల తయారీలో పెద్ద విషయం: మందుల ప్రమాణాలు చెప్పే అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ మార్గదర్శకాల ప్రకారం నోటి ద్వారా రోజుకు పల్లాడియం 100 మైక్రోగ్రాములు మించకూడదు, కాపర్‌కు ఆ హద్దు 3000. పైగా కాపర్‌ను అమ్మోనియా నీళ్లతో కడగొచ్చు. నీలం రంగు తగ్గేకొద్దీ అది పోతున్నట్టు కంటికే తెలుస్తుంది. పల్లాడియానికైతే తరచూ థయోల్ సిలికా లాంటి, లోహాన్ని పట్టుకునే పదార్థాలు కావాలి.

‘కాపర్ ఒక్కటే చాలింది’ అనుకునే ముందు కొత్త ఫ్లాస్కులో, బాగా శుద్ధమైన కాపర్ అయోడైడ్‌తో ఒకసారి మళ్లీ చేసి చూడండి. మామూలుగా పల్లాడియంతో నడిచే సుజుకి చర్య (కార్బన్-కార్బన్ బంధం కట్టేది) లోహం లేకుండానే జరిగిందన్న బృందమే, సోడియం కార్బొనేట్‌లో బిలియన్‌కు 50 పాళ్ల స్థాయిలో ఉన్న పల్లాడియమే దానికి కారణమని 2005లో తేల్చింది.